ఎర్రబడిన కన్ను – పులివెందుల నుండి ప్రొద్దుటూరు దాకా

పులివెందులలో తెల్లవారుజామున జమ్మలమడుగు బస్సు ఎక్కితే కొంతదూరం రెండు వైపులా చీనీ తోటలు, అరటి తోటలే కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది రాయలసీమేనా అని ఆశ్చర్యపోతారు. ముద్దనూరు దగ్గరపడే కొద్దీ పచ్చదనం పలచబడి, నేలలో నుండి బండ పైకి తేలుతుంది. కడప బండ అనే పేరుతో దేశంలో ఎన్నో ఇళ్ల గచ్చుల్లోకి చేరిన రాయి ఇదే. దూరాన థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ తరువాత పెన్న వంతెన దాటితే జమ్మలమడుగు. అక్కడి నుండి పెన్నను కుడిచేతి వైపు ఉంచుకొని పోతే ప్రొద్దుటూరు. మధ్యాహ్నం భోజనం వేళకు ముగిసిపోయే ప్రయాణం. గండికోట లోయ చూడవచ్చేవారు ఈ దారిలో దిగి ఫొటోలు తీసుకుంటారు. మేము ఈ దారిన పోయింది లోయ చూడడానికి కాదు. కన్ను ఎర్రబడి, తలమీద కొంగు ముందుకు లాక్కొని, కిటికీ ప్రక్క సీటు వద్దు, వెలుతురు పడుతుంది అని అవతలి సీటు అడిగేవారు ప్రతి బస్సులోను ఒకరిద్దరు ఉంటారు. వారిలో ఒకరితో పోయాము.

మా సంఘంలో చీనీ తోటల్లో కూలికి వెళ్లే సోదరి ఒకామె ఉంది. ముప్పయి అయిదేళ్లు దాటవు. 2023లో కోతపండుగ అయిన వారం ఆమె కుడికన్ను ఎర్రబడింది. తోటపనిలో కంట్లో పుల్ల తగలడం, ఆకు కొట్టుకోవడం మామూలే గనుక ఎవరూ పట్టించుకోలేదు. కండ్లకలక అన్నారు ఇరుగుపొరుగు. ఒక అవ్వ నందివర్ధనం పూలు తెచ్చి కంటిమీద పెట్టించింది. పూలవల్ల చల్లగా ఉందే గాని నొప్పి తగ్గలేదు. నాలుగో రోజున మందుల షాపులో చీటీ లేకుండానే చుక్కల సీసా ఒకటి కొన్నారు. రెండు రోజుల్లో ఎరుపు సగం తగ్గింది. సీసా అయిపోగానే ఎరుపు తిరిగి వచ్చింది. మరో సీసా కొన్నారు. ఇలా మూడు వారాలు గడిచాయి.

స్త్రీల మైత్రి కూడికలో ఆమె దీపం వైపు వీపు పెట్టి కూర్చున్నది చూచి అడిగాను.

“పుల్ల తగిలిందేమో అనుకున్యాక్కా. పుల్లా ల్యా, ఏమీ ల్యా. ఎలుతురు పడితే సూదితో పొడిచినట్టుండాది. ఈ కంటితో సూస్తే మంచులో మనుషులు మాదిరి కనపడతాండారు” అంది.

ప్రియ పాఠకులారా, ఆమె ఆ మూడు మాటల్లో చెప్పిన జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు యువైటిస్. మన వాడుకలో దానికి పేరు లేదు. పేరు లేకపోవడమే సగం కష్టం. కలకకు పేరుంది, శుక్లానికి పేరుంది, నీటికాసులకు పేరుంది. పేరున్న జబ్బుకు దారి తెలుస్తుంది. ఈ జబ్బు మాత్రం కలక పేరుతోనే తిరుగుతూ ఉంటుంది.

నల్లద్రాక్ష పండు తొక్క ఒలిచి చూడండి. తెల్లని కనుగ్రుడ్డు పొర ఒలిస్తే లోపల అలాంటి నల్లని పొర ఒకటి కనిపిస్తుంది. అందుకే ద్రాక్షపండుకు లాటిన్ భాషలో ఉన్న పేరునే పూర్వులు ఈ పొరకు పెట్టి యువియా అన్నారు. పాప చుట్టూ మనకు కనిపించే నల్లగ్రుడ్డు ఈ పొర ముందుభాగమే. వెనుకభాగం రెటీనాకు ఆనుకొని, దానికి రక్తం అందిస్తుంది. ఈ పొర వాచితే యువైటిస్. ముందుభాగం వాస్తే కన్ను ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురును ఓర్చుకోదు. వెనుకభాగం వాస్తే ఒక్కొక్కసారి నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. చూపు మసకబారడం, కంటిముందు నల్లని చుక్కలు తేలడం మాత్రమే ఉంటుంది. పాశ్చాత్య దేశాలలో అంధులైనవారిలో నూటికి పదిమంది వరకు ఈ జబ్బువల్లనే అంధులయ్యారని వైద్యగ్రంథాలు చెబుతాయి. శుక్లం ముసలితనంలో వస్తుంది. ఇది ఎక్కువగా ఇరవై నుండి యాభై ఏళ్ల లోపు, ఇల్లు నడిపే వయసులో వస్తుంది. శుక్లంవల్ల పోయిన చూపును ఆపరేషన్ తిరిగి తెస్తుంది. దీనివల్ల రెటీనా పాడైపోతే తెచ్చేది లేదు.

ఇక బస్సు దగ్గరికి వద్దాం. నేరుగా ప్రొద్దుటూరు పోదామన్నాను. ఆమె మాత్రం జమ్మలమడుగులో దిగుదామన్నది. వాళ్ల అమ్మ, అమ్మమ్మ కాలం నుండి పెద్ద జబ్బంటే జమ్మలమడుగే. మన కడప జిల్లా పల్లెల్లో ఈ అలవాటు వెనుక పెద్ద చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీవారు కడపలో 1822లో పని ప్రారంభించారు. పందొమ్మిదవ శతాబ్దం చివరలో వారి వైద్యసేవ జమ్మలమడుగులో వేరూనింది. అక్కడి ఆసుపత్రికి క్యాంప్‌బెల్ దొరగారి పేరే నిలిచింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత అది సి.ఎస్.ఐ. క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయ్యింది. ఇప్పటికీ బస్టాండులో ‘మిషన్ ఆసుపత్రి’ అంటే చాలు, చెయ్యి చాపి చూపిస్తారు. తరువాతి కాలంలో ముఖ్యమంత్రి అయిన డాక్టర్ వై.యస్. రాజశేఖరరెడ్డిగారు వైద్యవిద్య ముగించుకొని వచ్చి కొంతకాలం పనిచేసింది ఈ ఆసుపత్రిలోనే. ఆ పిమ్మట 1973లో పులివెందులలో తండ్రిగారి పేరున ఆసుపత్రి పెట్టారు. ఇలా ఆ ఊరికీ ఈ ఊరికీ మధ్య రోగులే గాక వైద్యులు కూడా నడిచిన దారి ఇది.

మిషనరీ వైద్యుల కాలంలో ఈ కంటిజబ్బుకు చేతిలో ఉన్న మందు ప్రధానంగా ఒక్కటే, అట్రోపిన్. బెల్లడోనా అనే మొక్కలో దొరుకుతుంది. మన దారుల ప్రక్క తెల్లగా పూచే ఉమ్మెత్త కూడా ఆ కుటుంబంలోదే. ఆ చుక్క వేస్తే పాప పెద్దదై, లోపలి కండరానికి విశ్రాంతి దొరికి, నొప్పి తగ్గుతుంది. (ఉమ్మెత్త రసం కంట్లో పిండుకోవచ్చు గదా అని ఎవరూ అనుకోకూడదు. అది విషం.) వాపును అణిచే కార్టిజోన్ మందులు 1950 ప్రాంతం నుండి గాని కంటివైద్యానికి అందలేదు. అంతకుముందు ఎన్ని కన్నులు నల్లగ్రుడ్డు అతుక్కుపోయి ఆరిపోయాయో లెక్క వ్రాసినవారు లేరు. ఈనాడు ఆ మందు మూలమూలన ఉన్న షాపులో కూడ దొరుకుతోంది. దొరకడమే ఇప్పుడు కొత్త చిక్కు తెచ్చింది.

జమ్మలమడుగులో మేము కలుసుకున్న వైద్యురాలు కంటివైద్యురాలు కాదు. ఆమె దగ్గర ఉన్నది చిన్న టార్చిలైటు. ఆమె ఆ లైటును మొదట జబ్బు కంటిలో వెయ్యలేదు, మంచి కంటిలో వేసింది. జబ్బు కన్ను అరచేతితో మూసి ఉంచమన్నది. అయినా మా సోదరి ఆ మూసిన కంటిలోనే నొప్పి అని ఉలిక్కిపడింది. మంచి కంటిలో వెలుతురు పడినప్పుడు రెండు పాపలు కలిసి ముడుచుకుంటాయి. వాచిన నల్లగ్రుడ్డు ముడుచుకోబోయి నొప్పి పెడుతుంది. కలకలో ఇలా ఉండదు. కలకలో పుసి కడుతుంది, దురద ఉంటుంది, మామూలుగా ఒక కంటి నుండి రెండో కంటికీ, ఒకరి నుండి ఇంటిల్లిపాదికీ పాకుతుంది, చూపు మాత్రం అంతగా తగ్గదు. ఇక్కడ పుసి లేదు, ఒక్క కన్నే, ఎరుపు కూడా కనురెప్పల వైపు కాక నల్లగ్రుడ్డు చుట్టూ కట్టినట్లుంది. ఆ వైద్యురాలు సీసా అడిగి చూచింది. మీద ఉన్న పేరు చదివి తల ఊపింది.

“ఈ మందు చెడ్డది కాదమ్మా. సరిగ్గా ఈ జబ్బుకు వాడేదే. కాని కంటిలో ఏముందో చూడకుండా వాడకూడదు. ఈ రోజే ప్రొద్దుటూరు పొండి. రేపు అనవద్దు” అంది.

చాలామందికి తెలియని సంగతి ఆమె అక్కడ నిలబడే చెప్పింది. స్టిరాయిడు చుక్కలు యువైటిస్‌కు ప్రాణం. అవే చుక్కలు ముల్లు గుచ్చుకొని కార్నియాపై పుండు పడిన కంటిలో వేస్తే పుండు లోతుకు తినిపోతుంది. నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం రావచ్చు. యువైటిస్ ఉన్న కంటిలోనే కూడా తక్కువగా, ఆపి ఆపి వేస్తే, పైన ఎరుపు తగ్గి లోపల నిప్పు రగులుతూ ఉంటుంది. మా సోదరికి జరిగింది అదే. మూడు వారాలు ఎరుపు వచ్చిపోతూ ఉంటే తగ్గుతోంది గదా అనుకున్నారు.

జమ్మలమడుగు నుండి ప్రొద్దుటూరుకు ఇప్పుడు రైలు కూడా ఉంది. ఎర్రగుంట్ల – నంద్యాల మార్గం 2016లో పూర్తయింది. మాకు ఆ వేళకు బస్సే దొరికింది. ప్రొద్దుటూరును రెండవ బొంబాయి అంటారు. బంగారం, ప్రత్తి వ్యాపారం, నేత పని – మూడింటికీ పేరు పడిన ఊరు. ఆలోచిస్తే మూడింటిలో రెండు కంటిచూపుమీద బ్రతికేవి. కంసాలి దీపం ముందు వంగి వెంట్రుకంత తీగను అతికించాలి. నేతగాడు తెగిన పోగును పట్టి ముడివెయ్యాలి. అందుకేనేమో ఈ ఊరిలో కళ్లజోళ్ల దుకాణాలకు, కంటి డాక్టర్లకు కొదువ లేదు.

కంటి డాక్టరుగారి వరండాలో ముగ్గురు ఎర్రకన్నులవారు ఒకే బల్లమీద కూర్చున్నారు. మా సోదరి ఒకరు. మైలవరం వైపు నుండి వచ్చిన మగ్గం నేసే పెద్దాయన ఒకరు. మూడో వాడు బంగారు పనిచేసే కుర్రవాడు, ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. బయట నుండి చూస్తే మూడు కన్నులూ ఒకటే. లోపల ఒకదానితో ఒకదానికి పోలిక లేదు.

కుర్రవానికి ముందురోజు ప్రొద్దున నొప్పి మొదలైంది. అంగడి నుండి ఆసుపత్రి నాలుగు వీధుల దూరం. మరునాటికే వచ్చాడు. డాక్టరుగారు కన్ను చూచి, తరువాత నడుము సంగతి అడిగారట. ప్రొద్దున లేవగానే నడుము పట్టేసి, కాస్త తిరిగితే వదులుతుందా అని. అవునని కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. రెండేళ్లుగా ఉందట, వంగి పనిచేయడంవల్ల అనుకున్నాడట. వెన్నెముక కీళ్లను బిగించే ఒక జబ్బు ఉంది. హెచ్.ఎల్.ఎ.-బి 27 అనే లక్షణం రక్తంలో ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది. అటువంటివారిలో నల్లగ్రుడ్డు ఇలా హఠాత్తుగా వాస్తుంది. తగ్గుతుంది, మళ్లీ ఎప్పుడో వస్తుంది. త్వరగా పట్టుకుంటే చూపు దాదాపు పూర్తిగా నిలుస్తుంది. ఆ కుర్రవానికి నిలిచింది. నడుముకు వేరే వైద్యుని చూడమన్నారు. కంటి డాక్టరు నడుము జబ్బు పట్టడం అతనికి వింత, నాకూ వింతే.

పెద్దాయనది వేరు. ఆయన శుక్లం ఎప్పుడో ముదిరిపోయింది. మనుమరాలి పెళ్లి, తరువాత పంట, తరువాత వానలు అని వాయిదా వేస్తూ వచ్చారు. బాగా ముదిరిన శుక్లం నుండి కారిన పదార్థం కంటిలో వాపు పుట్టించి, ఒత్తిడి పెంచింది. ఊళ్లలో ఇలాంటిది తరచుగా కనిపిస్తుందనీ, శుక్లాన్ని సకాలంలో తీసేచోట ఇది బహు అరుదనీ డాక్టరుగారు చెప్పారు. ముందు వాపు తగ్గించి, పిమ్మట శుక్లం తీస్తారు. ఆయన భార్య మాత్రం ఒకటే అడుగుతోంది, పలుగు పన్నెలు ఎప్పటికి ముడతాడు అని.

మా సోదరి వంతు వచ్చింది. గడ్డం ఆనించి కూర్చోబెట్టే ఆ యంత్రాన్ని స్లిట్ లాంప్ అంటారు. సన్నని వెలుగు గీత కంటిలోకి పోతుంది. పెంకుటింటి కంతలో నుండి ఎండ పడితే ఆ వెలుగులో ధూళి తేలుతూ కనిపిస్తుంది గదా, సరిగా అలాగే కంటిలోని నీటిలో తెల్లకణాలు తేలుతూ కనిపిస్తాయట. మామూలుగా అక్కడ స్వచ్ఛమైన నీరే ఉండాలి. ఆమె నల్లగ్రుడ్డు అంచు మూడుచోట్ల వెనుకనున్న కటకానికి అతుక్కుపోయింది. పాప పెద్దది చేసే చుక్కలు వేస్తే గుండ్రంగా విచ్చుకోవలసింది పువ్వు రేకుల మాదిరి వంకరగా విచ్చుకొంది. మూడు వారాలకు ముందు వచ్చి ఉంటే ఆ చుక్కలతోనే విడిపోయేది అన్నారు. రెండు చోట్ల విడింది, ఒకచోట విడలేదు. విచ్చుకున్నంత మేరకు లోపలికి చూచి డాక్టరుగారు ఎక్కువసేపు మాట్లాడలేదు. వెనుక భాగంలో, చూపుకు ముఖ్యమైన చోటుకు దగ్గరగా, పచ్చని మచ్చ ఒకటి ఉంది.

“ముందుభాగం నేను చూసుకుంటాను. వెనుక ఉన్నదానికి కారణం తేల్చాలి. వేలూరు గాని, మదరాసు గాని, హైదరాబాదు గాని పోవాలి” అని చీటీ వ్రాసి ఇచ్చారు.

ఒక మెట్టు నుండి పై మెట్టుకు పోయేకొద్దీ ఈ జబ్బు స్వరూపమే మారిపోతుంది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 1990 దశకంలో ఇల్లిల్లూ ఎంచుకొని సుమారు రెండున్నర వేల మంది కన్నులు పరీక్షించారు. శస్త్రచికిత్సవల్ల వచ్చినవి తీసివేస్తే, యువైటిస్ గుర్తులు ఉన్నవారు నూటికి ఒకరికంటే కాస్త తక్కువగా తేలారు. చిన్న సంఖ్య అనిపిస్తుంది. కాని మన సంఘాల్లో ఆదివారం రెండు వందల మంది కూర్చుంటే వారిలో ఒకరు గదా! అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు వైద్యులు 1996లో ఒక సంగతి ప్రకటించారు. మామూలు కంటి డాక్టర్ల వద్దకు వచ్చిన యువైటిస్ రోగుల్లో నూటికి 90 మందికి కంటి ముందుభాగమే వాచింది. అదే విశ్వవిద్యాలయపు పెద్ద ఆసుపత్రిలో అటువంటివారు నూటికి 60 మందే. అదే సంవత్సరం చెన్నైలోని శంకర నేత్రాలయవారు తమ వద్దకు పంపబడిన 1273 మంది లెక్క ప్రకటించారు. అందులో ముందుభాగం వాపు నూటికి 39 మందికే. మిగిలినవారివి మధ్యలోనివి, వెనుకవి, మొత్తం కన్ను వాచినవి. అంటే పెద్ద ఆసుపత్రిలో కూర్చున్నవారు ఈ జబ్బు బహు ఘోరమైనదనుకుంటారు. చిన్న ఊరి డాక్టరు చుక్కలతో తగ్గిపోయేదే గదా అనుకుంటాడు. మందుల షాపువాడికి అది జబ్బుగానే కనిపించదు, ఎరుపుగా కనిపిస్తుంది. ఎవరు చూచింది వారికి నిజమే. పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో చూపు పోయినవారు ఎక్కువగా ఉండడానికి అక్కడి వైద్యం తక్కువై కాదు. క్రింది గడపల దగ్గర ఆలస్యమైనవారు, మొదటినుండీ కష్టమైన జబ్బున్నవారు, ఇద్దరూ చివరకు చేరేది అక్కడికే.

కడప పేరు గడప నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. తిరుమలకు పోయేవారికి అది గడప అట. ఎర్రబడిన కంటికి కూడా ఏ గడప ముందు తొక్కుతామన్నదే పెద్ద సంగతి.

మేము వేలూరు పోయాము. డాక్టర్ ఐడా స్కడ్డర్ దొరసానిగారు 1902లో తెరిచిన షెల్ ఆసుపత్రి ఇప్పుడు సి.యం.సి. వారి కంటి ఆసుపత్రిగా ఉంది. అక్కడ తెలుగువారు ఎందరో కనిపిస్తారు. రెండు రోజులు పరీక్షలే. రక్తం, ఛాతీ ఎక్స్‌రే, ముంజేతిమీద క్షయకు వేసే సూది. ప్రశ్నలకైతే అంతు లేదు. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉన్నదా? పశువులున్నాయా? చెరువులో దిగుతారా? చర్మంమీద స్పర్శ లేని మచ్చలున్నాయా? కంటికి దీనికి ఏమి సంబంధం అని మా సోదరి నన్ను గిల్లింది.

సంబంధం ఉంది. కుష్ఠువ్యాధి నల్లగ్రుడ్డును నిశ్శబ్దంగా తినివేస్తుంది. వేలూరు ప్రక్కనే కరిగిరిలో ఆ రోగుల సేవ జరిగింది. డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు వారి చేతులు బాగుచేస్తుంటే, ఆయన భార్య డాక్టర్ మార్గరెట్ బ్రాండ్‌గారు వారి కన్నులకోసమే తన జీవితం వెచ్చించారు. ఇక పశువులు, చెరువుల మాట. 1993లో మధురై ప్రాంతంలో వరదలు వచ్చాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల జ్వరాలు వచ్చాయి. జ్వరం మరచిపోయిన కొన్ని నెలలకు ఎందరికో కన్నులు వాచాయి. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఆ రెంటికీ ఉన్న ముడి విప్పారు. అమెరికా పుస్తకం చూచి మన కన్నుకు వైద్యం చేస్తే సగం కారణాలు తప్పిపోతాయి. అక్కడ లేని వరదపొలం, అక్కడ తగ్గిపోయిన క్షయ, ఇక్కడ ఉన్నాయి. పిల్లల సంగతి ఒక్క మాట. మోకాలు వాచి కుంటే చిన్నపిల్లల్లో కొందరికి కన్ను ఎర్రబడకుండానే లోపల వాస్తుంది. ఆదివారబడిలో అటువంటి బిడ్డ ఉంటే కన్ను తెల్లగా ఉంది గదా అని ఊరుకోవద్దు.

మా సోదరి చేతిమీద సూది వేసినచోట మూడో రోజున గట్టిగా, వెడల్పుగా పొంగింది. నాలుగేళ్ల క్రితం ఆమె మరిది క్షయకు మందులు వాడాడని అప్పుడు చెప్పింది. ఎవరూ అడగలేదు గనుక అంతవరకు చెప్పలేదు. కంటిలో క్షయ క్రిమిని పట్టి చూపడం చాలా కష్టం. తక్కిన కారణాలన్నీ ఒక్కొక్కటే తోసివేసి, ఉన్న ఆధారాలు కలిపి, ఇది క్షయకు చెందిన వాపే అని వారు నిశ్చయించారు. రాయలసీమ క్షయతో పోరాడిన చరిత్ర పాతదే. 1910 దశకంలో అనేక మిషన్లు కలిసి మదనపల్లి ప్రక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి కట్టాయి. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దొరగారు దానిని నడిపించారు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదటగా వేసిన చోట్లలో మదనపల్లి ఒకటి. అయినా ఆ జబ్బు ఇంకా మన ఇళ్లలోనే ఉంది. ఊపిరితిత్తుల్లో ఉంటే దగ్గు చెబుతుంది. కంటిలో ఉంటే చెప్పేవారు కావాలి.

వేలూరువారు మందుల పేర్లు వ్రాసి, మా సోదరి ముఖం చూచి నవ్వి, వీటికోసం ఇక్కడికి రానక్కరలేదన్నారు. క్షయ మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అవి పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరికాయి. ఆమె ఇంటి నుండి నడిచిపోయేంత దూరం! వ్యాధికి పేరు పెట్టడానికి ఒక రాష్ట్రం దాటాము. మందు మాత్రం ఇంటిప్రక్కనే ఉంది. కంటి ముందుభాగపు చుక్కలను, ఒత్తిడిని ప్రొద్దుటూరు డాక్టరుగారు నెలనెలా చూచారు. ఏ గడప పని ఆ గడప చేసింది. వాటిని కలిపే మనిషే సాధారణంగా ఉండడు. చీటీ పట్టుకొని ఒంటరిగా వచ్చే కూలిమనిషి సగం దారిలో వెనుదిరుగుతాడు. బస్సు చార్జీలకు భయపడి కాదు, ఆ రోజు కూలి పోతుందని.

బేత్సయిదాలో గ్రుడ్డివానిని ప్రభువు బాగుచేసిన సంగతి మార్కు సువార్తలో ఉంది. నేను చిన్నప్పటినుండి విన్నదే. ప్రభువు వానిని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించాడనీ, చేతులుంచింది ఒక్కసారి కాదు రెండుసార్లనీ ఆ వేలూరు వరండాలో కూర్చున్నప్పుడే గమనించాను. మొదటిసారి అరకొర చూపే వచ్చింది. మన ప్రసంగాల్లో ఈ రెండోసారిని గూర్చి ఎక్కువగా చెప్పరు.

చుక్కలు వేయడమే ఆరు నెలల పని. మొదట గంటకొకసారి, తరువాత రెండు గంటలకు, తరువాత నాలుగుసార్లు, మూడుసార్లు, ఇలా మెల్లగా దిగాలి. ఒక్కసారి ఆపితే వాపు తిరగబడుతుంది. ఆమెకు చదువు రాదు. మా కాపరిగారి భార్య పాత క్యాలెండరు వెనుక సూర్యులు, చుక్కలు గీసి గోడకు తగిలించింది. వేసినప్పుడల్లా ఆమె కూతురు బొగ్గుతో ఒకటి కొట్టివేసేది. తోటలో మధ్యాహ్నపు చుక్కకు గొడవ వచ్చింది. మేస్త్రీ మొదట సణిగాడు, తరువాత అతనే సీసాను నీళ్లకుండ ప్రక్కన చల్లగా ఉంచి గుర్తు చేసేవాడు.

మొదటి రోజున ఆ కంటితో ఒక మీటరు దూరాన వ్రేళ్లు లెక్కపెట్టగలిగింది, అంతే. ఆరు నెలలకు చార్టులో 6/18 వరకు వచ్చింది. కంసాలి కుర్రవానికి వారంలోనే 6/6 వచ్చింది. మగ్గం పెద్దాయనకు శుక్లం తీశాక, కళ్లజోడుతో పని సాగుతోందని విన్నాను. మా సోదరికి మచ్చ మానినచోట గుర్తు మిగిలింది. అది పోదన్నారు. ఆమె చెట్టెక్కి కోసే పని మానుకొని, క్రింద కాయలు ఏరి గ్రేడు చేసే పనిలో చేరింది. పచ్చకాయకు పండుకాయకు తేడా ఎడమకంటితో చూస్తుంది.

జబ్బు తిరగబడితే వెంటనే తెలియాలి గనుక, వారానికొకసారి ఒక్కొక్క కన్ను మూసి దూరాన ఒకే వస్తువును చూచుకోమని డాక్టరుగారు చెప్పారు. ఆమె ఎంచుకొన్నది మా గుడిలో కీర్తనల సంఖ్యలు తగిలించే పలకను. చదువు రాకపోయినా అంకెలు వచ్చు. ప్రతి ఆదివారం అదే బల్లమీద, అదే చోట కూర్చొని, ఎడమ కన్ను మూసి పలక వైపు చూస్తుంది. మొన్న ఆదివారం ఆరాధన మొదలు కాకముందు నన్ను మోచేతితో పొడిచింది.

“అక్కా, ఆ కొనాకరు అంకె మూడా, ఎనిమిదా?”

“ఎనిమిది” అన్నాను.

“నేనూ ఎనిమిదే అనుకున్యా” అని కన్ను తెరిచింది.